ఊడలమర్రి, చుక్కల దుప్పి, కంప్యూటర్ తెర: తెలుగు యానిమేషన్‌లో జంతువు – చేవెళ్ల, మొయినాబాద్‌ల నుంచి ఒక చూపు

భారత ప్రభుత్వ ఫిల్మ్స్ డివిజన్ బొంబాయిలో కార్టూన్ చిత్రాల విభాగాన్ని మొదలుపెట్టిన రోజుల్లో, 1956లో, అక్కడి చిత్రకారులకు పని నేర్పడానికి అమెరికా నుంచి క్లెయిర్ వీక్స్ వచ్చారు. డిస్నీ స్టూడియోలో ‘బాంబి’ (1942) చిత్రానికి బొమ్మలు గీసిన చేయి ఆయనది. ఆయన శిక్షణలో ఆ విభాగం తీసిన తొలి చిత్రాల్లో ముఖ్యమైనది ‘ది బన్యన్ డీర్’ (1957). బౌద్ధ జాతకాల్లోని నిగ్రోధమృగ కథ దానికి ఆధారం. రాజు వేటకు రోజుకొక జింక వంతు వెళ్లాలి. ఒకనాడు వంతు చూలుతో ఉన్న లేడికి వస్తుంది. దాని మంద నాయకుడు వినడు. రెండో మందకు పెద్దయిన నిగ్రోధుడు ఆమెకు బదులుగా తానే వెళ్లి మెడ వంచుతాడు. రాజు మనసు మారుతుంది.

నిగ్రోధం అంటే మర్రి. ఆ కథలోని మర్రీ జింకా రెండూ హైదరాబాద్‌కు పడమట ఒకే దారిన దొరుకుతాయి. అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్, చేవెళ్లల మీదుగా మన్నెగూడ దాకా సాగే 46 కిలోమీటర్ల పాత బీజాపూర్ రోడ్డుకు ఇరువైపులా సుమారు 900 ఊడలమర్రులున్నాయి. ఆ దారికి దగ్గరలోనే, మొయినాబాద్ మండలం చిలుకూరులో, 1994లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన మృగవని ఉంది. విస్తీర్ణం 3.60 చదరపు కిలోమీటర్లే. చుక్కల దుప్పులు, కణుజులు, అడవి పందులు, నెమళ్లు అందులో తిరుగుతాయి. అదే హైదరాబాద్ పాతికేళ్లుగా దేశంలోని పెద్ద యానిమేషన్ కేంద్రాల్లో ఒకటి. ఈ స్టూడియోలకూ ఆ అడవికీ మధ్య దూరం గంట ప్రయాణం. అయినా మన తెరమీది జంతువుల్లో ఈ నేల ఆనవాలు ఎందుకు కనబడదన్నదే ఈ వ్యాసం అడిగే ప్రశ్న.

బొమ్మల జంతువు మనకు ముద్దొస్తుంది సరే, ఎందుకొస్తుంది? జీవశాస్త్రం చెప్పే జవాబు ఒకటుంది. పెద్ద తల, పెద్ద కళ్లు, గుండ్రటి బుగ్గలు, తడబడే కాళ్లు చూస్తే పెద్దవాళ్లలో సాకాలన్న భావం కలుగుతుందని కాన్రాడ్ లోరెంజ్ 1943లో రాశాడు. మిక్కీ మౌస్ ఏళ్లు గడిచేకొద్దీ ఎలా చిన్నపిల్లవాడి పోలికల్లోకి జారిందో స్టీఫెన్ జే గౌల్డ్ 1979లో ఒక వ్యాసంలో చూపించాడు. ఇది నిజమే గాని సగం నిజం. కళ్లు పెద్దవి చేయడం ఎవరికైనా తెలిసిన కిటుకు. బజారులో దొరికే స్కూల్ బ్యాగుల మీది బొమ్మలన్నీ ఆ కిటుకుతోనే బతుకుతున్నాయి.

మిగతా సగం ‘బాంబి’ తయారైన తీరులో ఉంది. ఆ చిత్రం కోసం అమెరికాలోని మెయిన్ రాష్ట్రం నుంచి రెండు జింక పిల్లలను స్టూడియోకు తెప్పించారు. మారిస్ డే అనే చిత్రకారుడు వారాల తరబడి అడవుల్లో తిరిగి మంచునూ ఆకులనూ వెలుతురునూ ఫొటోలు తీసి పంపాడు. రీకో లెబ్రన్ జంతువుల ఎముకల కూర్పు మీద పాఠాలు చెప్పాడు. టైరస్ వాంగ్ చైనా సంప్రదాయ చిత్రకళ నుంచి తెచ్చుకున్న పొగమంచు లాంటి నేపథ్యాలు వేశాడు. జింక వెనక కాలిలో మోకాలు అనిపించే చోట నిజానికి మడమ ఉంటుందని, మేత మేసేటప్పుడు బరువు ముందు కాళ్ల మీద ఎలా పడుతుందో తెలుసుకున్నాకే ఆ చిత్రకారులు కళ్లు పెద్దవి చేశారు. అందుకే ఆ జింకపిల్ల ముద్దుగానూ ఉంటుంది, జింకగానూ ఉంటుంది.

మనకు ఈ చూపు కొత్తది కాదు. ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాల్లో నాలాగిరి ఏనుగు పతకం ఒకటుంది. మదమెక్కిన ఏనుగు వీధిలో మనుషులను విసిరేస్తుంటుంది. అదే ఏనుగు, అదే గుండ్రటి రాతిలో, బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. ఒక జంతువు రెండు క్షణాలు ఒకే చట్రంలో. ఇప్పటి యానిమేటర్ వీటినే కీ ఫ్రేములంటాడు, నడుమ భంగిమలు తానే పూరిస్తాడు. ఆ శిల్పి ఆ పని చూసేవాళ్లకు వదిలాడు. కోపంలో ఒంటి బిగువూ లొంగుబాటులో సడలింపూ ఎక్కడెక్కడ తెలుస్తాయో ఏనుగును దగ్గరగా చూసినవాడికే పట్టుబడుతుంది.

తర్వాతి కాలంలో జంతువు మాటలపుట్ట అయింది. 1853 నాటి చిన్నయసూరి ‘నీతిచంద్రిక’తో తెలుగు బడిపిల్లలకు కాకి, ఎలుక, తాబేలు, జింక స్నేహితులయ్యాయి. అయితే అవి శాస్త్రం చదివిన మనుషుల్లా మాట్లాడతాయి. కథకు అది చాలు, తెరకు చాలదు. తెరమీద జంతువు పెదవి విప్పేలోపే నడవాలి, ఆగాలి, చెవి తిప్పాలి.

తెలుగు యానిమేషన్ సినిమా చరిత్ర మొదలైంది కోతితోనే. బి. సత్య దర్శకత్వంలో వచ్చిన ‘కిట్టు’ 54వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో 2006 సంవత్సరానికి ఉత్తమ యానిమేషన్ చిత్రంగా నిలిచింది. దానికి రావలసినంత చర్చ మన పత్రికల్లో రాలేదు. తర్వాత రెండేళ్లకు, 2008లో, హైదరాబాద్‌లో రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ ‘ఛోటా భీమ్’ను పోగో ఛానల్‌కు ఇచ్చింది. భీముడి పక్కనుండే జగ్గు కోతి దేశమంతటి పిల్లలకు తెలుసు. కానీ జగ్గు చేసేది స్నేహితుడి పని. కొమ్మ వంగేదాకా వేచి దూకే కోతి ఒడుపు అతనిలో వెతికితే దొరకదు. బడ్జెట్లు, వారం వారం ఇవ్వాల్సిన ఎపిసోడ్లు చూస్తే ఆ సంస్థను తప్పుపట్టడం న్యాయం కాదు.

అసలు విచిత్రం మరోటి. హైదరాబాద్‌కే చెందిన డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ 2010 నుంచి ‘ది జంగిల్ బుక్’ను త్రీడీ టీవీ ధారావాహికగా తీసింది. కిప్లింగ్ 1894లో ఇంగ్లీషు పాఠకులకు రాసిన అడవిని, దక్కన్ పీఠభూమి మీద కూర్చున్న చేతులు యూరప్ ఛానళ్ల కోసం మళ్లీ గీశాయి. 2012లో ‘లైఫ్ ఆఫ్ పై’ చిత్రంలోని పెద్దపులికి ప్రాణం పోసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది, ఆ పనిలో ఇక్కడివాళ్ల వాటా ఉంది. ఆ పులికి నిజమైన పులులే నమూనా. 2013 ఫిబ్రవరిలో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది, అదే నెలలో ఆ చిత్రానికి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. వెంట్రుక కదలిక, కండరం కింద ఎముక జరగడం వంటి సూక్ష్మాలన్నీ మనవాళ్లకు చేతనైన విద్యలేనని దీనితో తేలుతుంది. కొరత చేతిలో లేదు. ఏ జంతువును, ఎక్కడిదాన్ని చూడాలో నిర్ణయించే హక్కు చాలాకాలం వేరేవాళ్ల దగ్గర ఉంది.

ఆ హక్కు మన చేతికి వచ్చినప్పుడు ఏం జరిగిందో ‘ఈగ’ (2012) చెబుతుంది. దీన్ని యానిమేషన్ సినిమాల జాబితాలో చేర్చరు. నా లెక్కలో మాత్రం తెలుగులో వచ్చిన అత్యుత్తమ జంతు యానిమేషన్ ఇదే. మగధీరులు, యమదొంగలు తీసిన రాజమౌళి ఒక ఈగను హీరో చేశాడు. ఈగ ముఖంలో ఎక్కువ భాగం కళ్లే కాబట్టి హావభావాలకు చోటులేదు. దగ్గరగా చూస్తే ఆ ముఖం ఎవరికీ నచ్చదు కూడా. అందుకే ఆర్.సి. కమలకణ్ణన్, మకుట సంస్థకు చెందిన పీట్ డ్రేపర్ బృందం భావాన్ని ముఖం నుంచి ఒంట్లోకి తెచ్చారు. ముఖమే లేని బల్లదీపంతో నవ్వించిన పిక్సార్ లఘుచిత్రం ‘లక్సో జూనియర్’ (1986) ఆ బృందానికి ఆదర్శం. ఈగ ముందుకాళ్లు రుద్దుకోవడం మనమందరం చూసిందే. సినిమాలో అదే ఆలోచన, అదే కోపం, అదే పంతం. మాట ఒక్కటి లేదు. ఆ చిత్రం 60వ జాతీయ పురస్కారాల్లో ఉత్తమ తెలుగు చిత్రంగా, ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ చిత్రంగా నిలిచింది.

ఈగ నేర్పిన పద్ధతిలో చేవెళ్ల మర్రుల కింద నిలబడి చూస్తే, రాయని ఒక స్క్రిప్టు అక్కడే ఉంది. మర్రికాయ నిజానికి కాయ కాదు, లోపలికి ముడుచుకున్న వందల పూల గుత్తి. దానికి పరాగం మోసేది ఆ చెట్టుకే ప్రత్యేకమైన చిన్న కందిరీగ. ఆడది కాయ కొనలోని ఇరుకు దారిలో దూరుతుంటే రెక్కలు ఊడిపోతాయి. లోపల గుడ్లు పెట్టి, తెచ్చిన పుప్పొడి పూలకు అంటించి, అక్కడే చచ్చిపోతుంది. పిల్లల్లో మగవాటికి రెక్కలే ఉండవు. అవి జతకట్టి, బయటికి సొరంగం తొలిచి, ఆకాశం చూడకుండానే కన్నుమూస్తాయి. ఆడవి ఆ దారిన పుప్పొడితో ఎగిరి ఇంకో మర్రిని వెతుక్కుంటూ పోతాయి. ఆ కాయలు పండితే గోరింకలు, చిలుకలు, గబ్బిలాలు వస్తాయి. త్యాగం, చెర, విడుదల అన్నీ ఉన్న ఈ కథలో సంభాషణ రాయాల్సిన అవసరమే రాదు.

మృగవని దుప్పుల విషయమూ అంతే. అనుమానం వచ్చిన దుప్పి తోక నిటారుగా ఎత్తి, ముందు కాలితో నేలను తన్ని, పొట్టిగా అరుస్తుంది. మందలో తలలన్నీ ఒక్కసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి లేస్తాయి. పారిపోవడానికి ముందున్న ఆ రెండు మూడు క్షణాల నిశ్చలతను పట్టగలిగినవాడే యానిమేటర్. 2014లో తెలంగాణ ఈ జింకనే రాష్ట్ర జంతువుగా ప్రకటించింది. బస్సుల మీదా పుస్తకాల అట్టల మీదా దాని బొమ్మ చూస్తూనే ఉన్నాం, కథానాయకురాలిగా మాత్రం ఇంకా చూడలేదు.

ఒక అభ్యంతరం రావచ్చు: పిల్లలకు ప్రాంతంతో పనేముంది, జంతువు ముద్దుగా ఉంటే చాలదా? ‘బాంబి’ మెయిన్ అడవి కావడం వల్లే లోకమంతటికీ నచ్చిందని గుర్తుచేస్తే సరిపోతుంది.

కాలం కూడా ఆగడం లేదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరీవాహక గ్రామాల్లో నిర్మాణాలను అదుపు చేయడానికి 1996లో 111 జీవో వచ్చింది, దాన్ని ఎత్తివేయాలన్న ఒత్తిడి అప్పటినుంచీ ఉంది. బీజాపూర్ రోడ్డు విస్తరణ నుంచి మర్రులను కాపాడాలని ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. మాసాబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో యానిమేషన్ చదివే పిల్లలున్నారు. వాళ్ల మొదటి ఏడాది పాఠంలో కనీసం ఒక రుతువు మృగవనిలోనూ చేవెళ్ల మర్రుల కిందా స్కెచ్ పుస్తకంతో గడపడం తప్పనిసరి చేయాలని అధ్యాపకులను కోరుతున్నాను. అటవీశాఖ ఉదయం పూట అనుమతి ఇస్తే చాలు, అందుకు వేరే నిధులు అక్కర్లేదు.