గడియారము పుట్టించిన గుర్రపుజాతి

న్యూయార్కు రాష్ట్రములోని ఆరెంజి కౌంటీలో షుగర్ లోఫ్ అను పల్లెయందు, 1849 మే 5వ తేదీన, జోనాస్ సీలీ అను రైతుయొక్క కుంటి గుర్రము ఒక మగపిల్లను ఈనెను. తండ్రియగు అబ్దల్లా కురూపి, ముక్కోపి. ఇట్టి జంటకు పుట్టిన పిల్లపై సీలీకి పెద్ద ఆశ లేకపోయినను, ఆయనయొద్ద పనిచేయు విలియం రిస్‌డిక్ అను పాలేరు దానియందేదో కనిపెట్టి, తల్లీపిల్లలను కలిపి 125 డాలర్లకు కొనెను. నేడు అమెరికాలో సల్కీ యను తేలికపాటి రెండు చక్రముల బండిని లాగుచు పందెములలో పరుగెత్తు గుర్రములు దాదాపుగా అన్నియు ఆ కిశోరము సంతతియే.

హాంబిల్టోనియన్ అని పేరుపొందిన ఈ గుర్రము పందెములాడి ప్రసిద్ధికెక్కినది కాదు. మూడేండ్ల ప్రాయమున, 1852లో, యూనియన్ కోర్సు మైదానమున జరిగిన పరీక్షలో మైలు దూరమును 2 నిమిషముల 48½ సెకండ్లలో ముగించుటయే దాని స్వార్జితమైన కీర్తి. కాని దాని తుంటి మూపుకంటె రెండంగుళములు ఎత్తుగా నుండెను. ఆ వాలువలన వెనుకకాళ్ళు బారుగా సాగి, దేహమును బలముగా ముందునకు త్రోయుచుండెను. 1851 మొదలు 1875 వరకు దానికి 1,331 పిల్లలు కలిగినవి. దాటింపునకు పుచ్చుకొను రుసుము 500 డాలర్లకు పెరిగి, పాలేరు ధనికుడయ్యెను. ఆ సంతానములో జార్జి విల్క్స్, డిక్టేటర్, హాపీ మీడియం, ఎలెక్షనీర్ అను నలుగురు కుమారుల ద్వారమున వంశము దేశమంతట విస్తరిల్లెను. ఎలెక్షనీరును రైలుమార్గముల యధిపతి లీలండ్ స్టాన్‌ఫర్డ్ 1876లో కొని, కాలిఫోర్నియాలో పిదప తన కుమారుని పేర విశ్వవిద్యాలయము వెలసిన పాలో ఆల్టో క్షేత్రమునకు చేర్చెను.

ఈ పందెములలో గుర్రము దౌడు తీయరాదు. ట్రాట్ నడకలో ఎదురుమూలల కాళ్ళు, పేస్ నడకలో ఒకేవైపు కాళ్ళు జంటగా కదలవలెను. వేగము హెచ్చినకొలది దౌడునకు దిగుట గుర్రమునకు సహజమగుటచే, నడక తప్పినంతనే సారథి కళ్ళెము బిగించి, వెనుకబడియైనను, దానిని మరల దారికి తేవలెను. 1871లో జాన్ వాలెస్ ఈ గుర్రముల వంశావళిని ప్రకటింప నారంభించెను. 1879లో పెంపకందార్ల జాతీయ సంఘము మైలునకు 2 నిమిషముల 30 సెకండ్లను ప్రమాణముగా నిర్ణయించెను. వర్ణమును, ఆకారమును అడుగక గడియారమునే అడిగి జాతిలో చేర్చుకొనిన ఈ ఏర్పాటువలననే వానికి స్టాండర్డ్‌బ్రెడ్ అను పేరు కలిగెను.

ఆ వేగపు మూలధన మెక్కడిది? 1788లో ఇంగ్లండునుండి ఫిలడెల్ఫియాలో దిగిన మెసెంజర్ అను థరోబ్రెడ్డు జాతి గుర్రము అబ్దల్లాకు తాత. హాంబిల్టోనియన్ తల్లికి తండ్రి నార్‌ఫోక్ ట్రాటరు జాతి గుర్రమగు బెల్‌ఫౌండరు కాగా, ఆ తల్లిని కన్న వన్ ఐ యొక్క తల్లిదండ్రులిరువురును మెసెంజర్ బిడ్డలే. మేనరికములకు అలవాటుపడిన మనవారు సైతము చెవులు మూసికొనదగిన సంబంధము! ఒకే రక్తమును ఇట్లు మూడు దారులనుండి మళ్ళించినవారికి తా మేమి కూడబెట్టుచున్నారో తెలిసినది స్వల్పము.

అందులో ఒక భాగమును 2012లో స్వీడనునందలి ఉప్సాలా విశ్వవిద్యాలయపు లీఫ్ ఆండర్సన్ బృందము బయల్పరచెను. వెన్నుపాములో కాళ్ళ కదలికలను సమన్వయించు నాడీకణములయందు పనిచేయు డీఎంఆర్‌టీ3 అను జన్యువున ఒక్క అక్షరము మారుటచే, అది తయారుచేయు ప్రోటీను అర్ధాంతరముగా తెగిపోవును. ఈ మార్పుగల గుర్రములు దౌడునకు జారకుండ అతివేగముగా ట్రాట్, పేస్ నడకలు సాగింపగలవు. అమెరికా స్టాండర్డ్‌బ్రెడ్లలో దాదాపు అన్నింటికి ఈ మార్పు తల్లినుండియు తండ్రినుండియు సంక్రమించియున్నది. అయినచో, అందరికి సమానముగా దక్కిన ఆస్తివలన ఒకటి మరొకదానిని మించుట యెట్లు? నడక నిలుపుకొను శక్తి ఆ జన్యువువలన వచ్చినదే. ఆ నడకలో గెలుపునిచ్చు ఊపిరి, గుండె, ఎముక, ఓర్పు అనునవి మాత్రము లెక్కకుమించిన జన్యువుల యొక్కయు, మేత, శిక్షణముల యొక్కయు ఉమ్మడి ఫలము.

రికార్డులన్నియు రక్తమునకే చెందినవనుటయు పొరపాటు. 1885లో మాడ్ ఎస్. ఎత్తైన చక్రముల బండితో మైలును 2 నిమిషముల 8¾ సెకండ్లలో ముగింపగా, 1892లో నాన్సీ హాంక్స్ దానిని 2 నిమిషముల 4 సెకండ్లకు దించెను. ఈ నడుమ రక్తముకంటె చక్రమే ఎక్కువ మారెను, గాలి నింపిన రబ్బరు టైర్లు వచ్చెను. ఇక 1938లో 1 నిమిషము 55¼ సెకండ్లలో పరుగెత్తి, 1969 వరకు చెక్కుచెదరని ట్రాటింగు రికార్డును నిలిపిన గ్రేహౌండు విత్తులు కొట్టిన గుర్రమగుటచే నిస్సంతుగా పోయెను. గ్రేహౌండుది స్వార్జితము, పంచుకొనుటకు వారసులు లేరు. హాంబిల్టోనియన్ స్వార్జితము కొంచెము, పంచిపెట్టినది కొండంత. పెంపకందారునకు గుర్రముకంటె దాని బిడ్డల గడియారమే నమ్మదగిన సాక్షి.

అయితే ఒకే మూలపురుషునినుండి వచ్చు పిత్రార్జితములో లోపములును వాటాగానే వచ్చును. కృత్రిమ గర్భధారణవలన ఒక్క మగగుర్రపు బీజమును ఎన్ని శాలలకైనను పంపుటకు వీలుకలుగగా, 2009 మొదలు సంతతికి విడిచిన వానికి ఏటికి 140 ఆడుగుర్రములకు మించరాదని అమెరికా ట్రాటింగు సంఘము కట్టడి చేసెను. వేగమును ఒకే వంశమున పోగుచేయుటకు తరతరములు శ్రమించిన పెంపకందార్లకు, ఆ పోగు మితిమీరకుండ కాపుకాయు పనియు ఇపుడు తప్పలేదు.