పెద్దలసభ పద్దు

శాసనసభ్యుల జీతాలు, కార్లు, గన్‌మెన్‌లు, అతిథిగృహాలు. వీటిని గురించి విసుక్కోని ఓటరు నేడు గోదావరి జిల్లాల్లో కనిపించడు. రాజమండ్రి కోటిపల్లి బస్టాండు దగ్గరి టీకొట్టు మొదలుకొని మా కళాశాల స్టాఫురూము వరకు మాట ఒక్కటే: "మనం కట్టేదంతా వాళ్లు దుబారా చేస్తున్నారు." ఆ కోపం న్యాయమైనదే. కాని న్యాయమైన కోపం కూడా గురి తప్పవచ్చు. దుబారా అంటే ఏమిటి, ఎంత, ఎవరిది అని విడదీసి చూడకపోతే, ఆ కోపాన్ని వాడుకోవలసినవాళ్లు తమ అవసరానికి వాడుకుంటారు. ఇందుకు మన శాసనమండలి చరిత్రకంటె మంచి నిదర్శనం నాకు కనిపించలేదు. ఆ చరిత్రను జమాఖర్చుల దృష్టితో ఒకసారి పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ విషయంలో నేను తటస్థుణ్ణి కాను. పట్టభద్రుణ్ణి గనుక శాసనమండలికి నాకొక ఓటు ఉంది. అధ్యాపకుణ్ణి గనుక మరొక ఓటు ఉంది. మా యింటికి పాలు పోసే ఆమెకు ఆ సభకు నేరుగా ఒక్క ఓటూ లేదు. నేను చెప్పేదాన్ని ఈ సంగతి మనసులో ఉంచుకొనే చదవవలసిందని పాఠకులను కోరుతున్నాను.

ప్రభుత్వాన్ని లెక్క అడిగే హక్కు మనకు ఊరికే రాలేదు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తి అయింది. డెల్టా బతుకును మార్చివేసిన ఆ ఖర్చును దుబారా అనేవాడు ఎవడూ లేడు. కాని కంపెనీ ప్రభుత్వం ఆ ఖర్చు విషయంలో రైతు సమ్మతి అడగలేదు. అడగవలసిన అవసరమూ దానికి లేదు. నీరు పారిన తర్వాత శిస్తు ఎంత పెరిగిందో మాత్రం అది జాగ్రత్తగా లెక్క వేసుకుంది. రాబడీ వారిదే, లెక్కా వారిదే. 1874లో వీరేశలింగంగారు వివేకవర్ధని పెట్టి ఉద్యోగుల లంచగొండితనాన్ని బయటపెట్టడం మొదలుపెట్టినప్పుడు ఆయన వెనుక ఓటు లేదు, సభ లేదు. ఉన్నది ఒక పత్రిక మాత్రమే.

1892 చట్టం తర్వాత మద్రాసు శాసనసభకు వెళ్లిన తొలితరం ఆంధ్ర ప్రతినిధులలో మన రాజమండ్రి న్యాయవాది న్యాపతి సుబ్బారావు పంతులుగారు ఒకరు. ఆ సభలో బడ్జెటు మీద మాట్లాడవచ్చు, ఓటు మాత్రం వేయరాదు. 1919 సంస్కరణలు కొన్ని శాఖల పద్దులమీద ఓటు ఇచ్చాయి. ముఖ్యమైన శాఖలను గవర్నరు తన చేతిలోనే ఉంచుకున్నాడు. ఆ లోటు అర్థమైనవారు గనుకనే 1924లో బెంగాలు స్వరాజ్యవాదులు మంత్రుల జీతాల పద్దునే తోసిపుచ్చారు. 1931 కరాచీ కాంగ్రెసు, ప్రత్యేక నిపుణులను మినహాయించి, ఏ ప్రభుత్వోద్యోగికీ నెలకు 500 రూపాయలకు మించి జీతం ఉండరాదని తీర్మానించింది. 1937లో అధికారానికి వచ్చిన కాంగ్రెసు మంత్రులు ఆ 500 రూపాయల జీతమే తీసుకున్నారు. ఆనాడు మద్రాసు శాసనసభకు స్పీకరు మన తూర్పుగోదావరివారే, నిరాడంబరతకు పేరుపడిన బులుసు సాంబమూర్తిగారు. ఈ కథను ఇప్పుడు చాలామంది "ఆ రోజులే వేరు" అని నిట్టూర్చడానికి చెప్పుకుంటారు. నిట్టూర్పు వల్ల ప్రయోజనం లేదు. అందులో గ్రహించవలసింది ఒకటే: ఒకప్పుడు ప్రతినిధుల జీతం ప్రజల ఆదాయంతో పోల్చి చర్చించదగిన రాజకీయ ప్రశ్నగా ఉండేది.

ఆ 1937లోనే మద్రాసుకు రెండు సభలు వచ్చాయి. పైసభకు ఓటు కావాలంటే గణనీయమైన ఆస్తి ఉండాలి. కింది సభలో ప్రజల ఒత్తిడి పెరిగితే దాన్ని కాస్త అడ్డుకోవడానికి ఆస్తిపరులకొక వేదిక. పైసభ పుట్టుకలో దాగిన పరమార్థం ఇదే. స్వాతంత్ర్యం తర్వాత ఆస్తి స్థానంలో చదువు వచ్చింది. రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం పన్నెండింట ఒక వంతు స్థానాలు పట్టభద్రులవి, మరొక వంతు ఉపాధ్యాయులవి. మూడింట ఒక వంతు స్థానిక సంస్థల సభ్యులు, మరొక మూడో వంతు శాసనసభ్యులు ఎన్నుకుంటారు. మిగిలినవారిని గవర్నరు నామినేటు చేస్తారు. పూర్వం భూమి పట్టా ఉన్నవాడికి దక్కిన హోదా, ఇప్పుడు డిగ్రీ పట్టా ఉన్న నావంటివాడికి దక్కింది.

1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్రరాష్ట్రం ఒక్క సభతోనే నడిచింది. విశాలాంధ్ర ఏర్పడిన తర్వాత, 1958 జూలై 1న 90 మంది సభ్యులతో శాసనమండలి అవతరించింది. పాతికేళ్లు గడిచాయి. 1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం వచ్చింది. 1982లో పుట్టిన పార్టీకి మండలిలో బలం లేదు. మండలి ప్రజలు నేరుగా ఎన్నుకున్నది కాదని, ఖజానాకు భారమని, శాసనాలకు జాప్యమని చెప్పి శాసనసభ రద్దు తీర్మానం చేసింది. కేంద్రం మొదట కదలలేదు. 1985లో మరల తీర్మానం జరిగాక పార్లమెంటు చట్టం చేసింది. 1985 జూన్ 1న మండలి పోయింది.

తర్వాత 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వం పునరుద్ధరణ తీర్మానం చేసింది. 2007లో మండలి తిరిగి వచ్చింది. పెద్దల అనుభవం, మేధావుల సలహా రాష్ట్రానికి అవసరమని అప్పుడు విన్నాము. రాష్ట్ర విభజన తర్వాత మన మండలిలో 58 స్థానాలు మిగిలాయి. 175 మంది శాసనసభ్యులలో మూడోవంతుకు మించరాదన్న నియమం ప్రకారం వచ్చిన సంఖ్య అది.

2020 జనవరి 22న మూడు రాజధానుల బిల్లును మండలి సెలెక్టు కమిటీకి పంపింది. ఆనాడు అధ్యక్షస్థానంలో ఉన్నది మన నరసాపురానికి చెందిన ఎం.ఎ. షరీఫ్‌గారు, మండలిలో ఆధిక్యం ప్రతిపక్షమైన తెలుగుదేశానిది. అయిదు రోజులు తిరక్కుండానే, జనవరి 27న, శాసనసభ 133 ఓట్లతో మండలి రద్దుకు తీర్మానించింది. ఏటా 60 కోట్ల రూపాయలు ఖర్చవుతున్న ఆ సభ అవసరమా అని నాటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డిగారు ప్రశ్నించారు. తండ్రి తెచ్చిన సభను కొడుకు తీసివేయాలన్నారు. మామ తీసివేసిన సభను అల్లుడు నిలబెట్టాలన్నారు. తీర్మానం ఢిల్లీలో ఉండగానే మండలిలో బలాబలాలు తారుమారై అధికారపక్షానిది పైచేయి అయింది. 2021 నవంబరు 23న అదే శాసనసభ ఆ తీర్మానాన్ని ఉపసంహరించుకుంది. 60 కోట్ల ప్రశ్న మళ్లీ వినిపించలేదు.

ఈ తేదీలను వరసగా పెట్టి చూస్తే ఒక సూత్రం కనిపిస్తుంది. మండలి ఎదుటివారి చేతిలో ఉన్నప్పుడు దండుగ. మన చేతికి వచ్చినప్పుడు పండుగ. దుబారా అన్న మాట ఓటరు నోట పుట్టినదే. కాని దాన్ని అరువు తీసుకున్నవారు ఒకరినొకరు కొట్టుకోవడానికి కర్రగా వాడుకున్నారు. ఇతర విషయాల్లోనూ ఇదే వరస. 2019 జూన్‌లో ఉండవల్లి ప్రజావేదికను ఒక ప్రభుత్వం కూల్చింది. తర్వాత విశాఖ రుషికొండమీద వందల కోట్లతో భవనాలు లేపింది. మన గ్రామ పంచాయతీ కార్యాలయాలకు పార్టీ రంగులు పూశారు. 2020లో న్యాయస్థానాలు కాదంటే చెరిపి మళ్లీ వేశారు. రంగు వెయ్యడానికీ మన డబ్బే, చెరపడానికీ మన డబ్బే.

ఇప్పుడు లెక్కకు వద్దాం. 60 కోట్లను 2011 జనాభా లెక్కల ప్రకారం సుమారు అయిదుకోట్ల మందికి పంచితే తలకు ఏడాదికి పన్నెండు రూపాయలు. కోటిపల్లి బస్టాండులో ఒక టీ ఖరీదు. 2020–21 రాష్ట్ర బడ్జెటు సుమారు 2 లక్షల 24 వేల కోట్లు. అందులో ఈ 60 కోట్లు వంద రూపాయలకు మూడు పైసలు కూడా కావు. అంతమాత్రంచేత ఆ ఖర్చు సమర్థనీయమని నేను అనడంలేదు. ఆ మూడు పైసల కోసం ప్రత్యేకంగా కూడి ఒక రోజంతా చర్చించిన శాసనసభ, మిగిలిన తొంభైతొమ్మిది రూపాయల తొంభైయేడు పైసల కోసం ఎన్ని రోజులు కూడింది?

రెండు రోజులు. 2020 జూన్ 16, 17. కరోనా రోజులని సమాధానం చెప్పారు. అది కొంతవరకు నిజమే. ఆ రెండు రోజుల్లోనే గవర్నరు ప్రసంగం, బడ్జెటు, పద్దులు, బిల్లులు అన్నీ ముగిశాయి. మండలి ఏం చేసింది? రెండు పక్షాల తగాదాలో ద్రవ్యవినిమయ బిల్లును ఆమోదించకుండానే వాయిదా పడింది. ద్రవ్యబిల్లును మండలి పధ్నాలుగు రోజులకు మించి ఆపలేదు. కాబట్టి ఆ గడువు గడిచేదాకా ప్రభుత్వం వేచి ఉంది. ఉద్యోగుల జీతాలు ఆలస్యమయ్యాయి. ఆ రెండు సభల సంవాదంలో ఏ శాఖకు ఎంత, ఎందుకు, నిరుడు ఇచ్చినదానితో ఏం చేశారు అన్న ప్రశ్నలకు చోటు దొరకలేదు. ఒక సభ అడగకుండా ఒప్పుకుంది. రెండవది అడగకుండా ఆపింది. నా దృష్టిలో అసలైన దుబారా ఇది. లెక్క అడగడానికి పెట్టుకున్న సభ లెక్క అడగకపోతే, దానికి అయ్యే ఖర్చు పన్నెండు రూపాయలైనా దండుగే. అడిగితే పాతిక రూపాయలైనా దండుగ కాదు.

ఈ మాట నాకు పుస్తకాల్లో దొరకలేదు. కాలువలు కట్టేసిన ఒక వేసవిలో కోనసీమ శివారు గ్రామానికి, మా విద్యార్థి ఒకని యింటికి వెళ్లాను. వాళ్ల నాన్న కౌలురైతు. గుర్రపుడెక్కతో నిండిన మురుగుకాలువ గట్టుమీద కూర్చుని మాట్లాడుకుంటున్నాము. నేను శాసనమండలి గురించి ఏదో రాస్తున్నానని కొడుకు చెప్పగా, ఆయన అడిగాడు:

"పెద్దలసభ మళ్లీ పెట్టింది ఏ సంవత్సరమండీ మాస్టారూ?"

"2007," అన్నాను.

"మేం క్రాప్ హాలిడే పెట్టింది 2011 కదండీ. ఆ నాలుగేళ్లలో ఈ డ్రెయిను సంగతి అక్కడ ఎవరైనా ఎత్తారాండీ?"

నేను జవాబు చెప్పలేకపోయాను.

"తెలుసుకోకుండానే ఓటేసేశారాండీ?" అన్నాడు, నవ్వుతూనే.

2011 ఖరీఫులో కోనసీమ రైతులు సుమారు లక్ష ఎకరాల్లో పంటవిరామం ప్రకటించారు. మురుగునీరు పోదు, కాలువ నీరు వేళకు రాదు, పండిన ధాన్యానికి ధర లేదు, కారణాలు అవే. ప్రభుత్వం మోహన్‌కందా కమిటీని వేసింది. 2022లో మరల పంటవిరామం మాట వినవచ్చింది. ధాన్యాగారమని పేరుపడ్డ నేలమీద రైతు నాగలి దించడంకంటె పెద్ద అవిశ్వాసతీర్మానం ఏ సభలో పెట్టగలరు?

ఆ రైతు ప్రశ్న సగం సభకు, సగం నాకు. 2025 ఫిబ్రవరి 27న పట్టభద్రుల స్థానానికి ఓటు వేసేటప్పుడు నేను అభ్యర్థుల పార్టీలు చూశాను, సంఘాలు చూశాను. నా జీతభత్యాలను గురించి ఎవరు ఏమన్నారో చూశాను. డ్రెయిను సంగతి చూడలేదు. స్టాఫురూములో దుబారాను దుయ్యబట్టే మేము, మాకున్న రెండు ఓట్లను మా పద్దుకే జమ కట్టుకున్నాము. ఇందుకు మినహాయింపులు లేకపోలేదు. మన రెండు జిల్లాల ఉపాధ్యాయ స్థానంనుంచి 2021లో ఎన్నికైన షేక్ సాబ్జీగారు, 2023 డిసెంబరు 15న రోడ్డు ప్రమాదంలో మరణించేవరకు, ఉపాధ్యాయుల కోసమే కాక అంగన్‌వాడీల కోసం కూడా గొంతెత్తారు. అటువంటివారిని చూసినప్పుడు ఆ సభ ఉండవలసిందేమో అనిపిస్తుంది. కాని వ్యక్తుల మంచితనం మీద ఒక వ్యవస్థను సమర్థించడం కుదరదు.

నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. పశ్చిమబెంగాలు 1969లో, తమిళనాడు 1986లో పైసభను వదులుకున్నాయి; వాటి శాసనసభలు నడుస్తూనే ఉన్నాయి. మన మండలినీ తీసివేయవచ్చు. అయితే ఖరీదు చూసి కాదు, ఓటులోని అసమానత చూసి తీసివేయాలి. చదువుకున్నవాడికి రెండు ఓట్లు, పాలు పోసే ఆమెకు సున్నా అన్న లెక్క ప్రజాస్వామ్యంలో చెల్లదు. ఖరీదు చూసి తీసివేయడం మొదలుపెడితే రేపు శాసనసభా దండుగే, ఎన్నికలూ దండుగే అనేవాడు బయలుదేరుతాడు. ఎన్నికలు లేని ప్రభుత్వం లెక్క చెప్పే అలవాటు లేనిదని మన డెల్టాకు పందొమ్మిదో శతాబ్దమే నేర్పింది.

మండలి ఉన్నన్నాళ్లూ, దానికి ఓటున్న మావంటివాళ్లు చేయవలసిన పని ఒకటుంది. అభ్యర్థి మన గుమ్మంలోకి వచ్చినప్పుడు సభ ఏడాదికి ఎన్ని రోజులు కూడేటట్టు పట్టుబడతావని అడగాలి. పద్దులను శాఖలవారీగా చర్చకు పెట్టిస్తావా, ఆడిటు నివేదికను సమావేశాల చివరిరోజున కాక ముందే అడుగుతావా, మురుగుకాలువ పద్దు చదివావా అని అడగాలి. ఈసారి ఓటు వేసేముందు నేను ఆ కౌలురైతు యింటికి మరల వెళ్లదలచాను. నా రెండు ఓట్లలో ఆయన వాటా ఎంతో ఆయన చెప్పగా వినవలసివుంది.