కొవ్వూరు రేవు - ప్రచార సాహిత్యం

2027 పుష్కరాల ఏర్పాట్ల గురించి ఆ మధ్య మా ఊళ్లో ఒక సభ జరిగింది. వక్తల్లో ఒకాయన, నాలుగు దేశాలు చూసివచ్చినవాడు, మన గోదావరి గట్టును బార్సిలోనా మాదిరిగా తీర్చిదిద్దాలన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇంటికి నడిచివస్తుంటే అనుమానం వచ్చింది: ఏ గట్టును? రాజమండ్రి రేవులో నిలబడి చూస్తే సూర్యుడు అస్తమించేది మా కొవ్వూరు వెనకాల. వంతెన కమానులు, వాటి వెనక ఎర్రటి ఆకాశం, అడుగున ఒక సన్నటి నల్లగీత. క్యాలెండర్ల మీదా పోస్టర్ల మీదా మీరంతా చూసిన బొమ్మే అది. ఆ నల్లగీత మేము.

ఒక ఊరు చూడదగ్గ దృశ్యంగా ఎలా మారుతుంది, ఆ మార్పులో కలం పట్టినవాళ్ల పాత్ర ఎంత అన్నది ఈ వ్యాసంలో పరిశీలించదలచుకున్నాను. ఇందులో నా పాత్ర కూడా కొంత ఉంది. దాన్ని దాచుకోను.

ముందు ఆ బార్సిలోనా సంగతి. నేను చూడలేదు, చదివి తెలుసుకున్నదే. మధ్యధరా సముద్రపు ఒడ్డున స్పెయిన్ దేశంలో పదహారు లక్షల జనాభా ఉన్న రేవుపట్నం అది. చాలాకాలం సముద్రానికి వీపు తిప్పి బతికిన ఊరని దానికి పేరు. ఒడ్డు పొడుగునా రైలుపట్టాలు, ఫ్యాక్టరీలు, గోదాములు ఉండేవి. ఇసుకలోనే సొమొరోస్త్రో అనే గుడిసెలపేట ఉండేది. జగత్ప్రసిద్ధి పొందిన ఫ్లెమెంకో నర్తకి కార్మెన్ అమాయా ఆ గుడిసెల్లోనే పుట్టింది. అక్కడ మిగిలిన గుడిసెలను 1966లో పీకేశారు. తర్వాత 1992 ఒలింపిక్ క్రీడలు వచ్చాయి. పోబ్లెనౌ అనే ఫ్యాక్టరీలపేటలో సముద్రం వైపు భాగం పడగొట్టి క్రీడాకారులకు ఇళ్లు కట్టారు. పట్టాలు మళ్లించారు, ఇసుక పోసి బీచీలు చేశారు. అంతకు ముందే, 1980ల నడుమ, నగరపాలకులు ఇళ్ల ముందు గోడలు బాగుచేయించే కార్యక్రమం ఒకటి మొదలెట్టారు. దాని నినాదం మన మాటల్లో చెబితే 'బార్సిలోనా, ముస్తాబవు' అని. ముస్తాబు పూర్తయ్యాక, 1993లో, నగరపాలక సంస్థ, వర్తకుల మండలి కలిసి ఆ నగరాన్ని యాత్రికులకు అమ్మిపెట్టడానికి ప్రత్యేకంగా ఒక సంస్థను నెలకొల్పాయి.

అక్కడివాళ్లకు దీనివల్ల మేలే జరగలేదని నేననను. మురికి కాలవలు కలిసే తీరం స్నానానికి పనికొచ్చేదయింది, ఊరివాళ్లు కూడా ఆ ఇసుకలో కూర్చోగలిగారు. కాని ఆ నగరపు రచయిత మాన్యుయెల్ వాస్కెజ్ మొంతల్బాన్ చప్పట్లు కొట్టలేదు. డిటెక్టివ్ నవలలు రాసేవాడు. తన డిటెక్టివును ఆ ఒలింపిక్స్ మధ్యలో దింపి 1993లోనే ఒక వ్యంగ్యనవల రాశాడు. పండగ దీపాలు ఇంకా ఆరకముందే ఆ పని చేశాడన్నది మనం గమనించాలి. 2024 జులైలో అదే నగరంలో జనం ఊరేగింపు తీసి, హోటళ్ల ముందు కూర్చున్న యాత్రికుల మీద నీళ్ల తుపాకులతో నీళ్లు చిమ్మారు. వాళ్ల కోపం నీళ్ల గురించి కాదు, ఇంటి అద్దెల గురించి. యాత్రికులకు రోజువారీ అద్దెకిచ్చే పదివేల పైచిలుకు ఇళ్ల అనుమతులను 2028 నాటికి రద్దు చేస్తామని నగరపు మేయరే ఆ ఏడాది ప్రకటించాల్సివచ్చింది. మా వక్త ఈ భాగం చెప్పలేదు. బహుశా ఆయన వెళ్లినప్పుడు ఎవరూ నీళ్లు చిమ్మలేదేమో.

మన సంగతికి వద్దాం. ఊరిని ఊరించే విద్య మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మన సాహిత్యంలో దానికోసం ఒక ప్రక్రియే ఉంది, క్షేత్రమాహాత్మ్యం. కొవ్వూరుకు ఉన్న మాహాత్మ్యం గోష్పాదం. గౌతముడు తన పంట మేస్తున్న ఆవును దర్భపోచతో అదిలించాడు. ఆవు చచ్చిపోయింది. ఆ పాపం పోగొట్టుకోవడానికి శివుణ్ణి మెప్పించి గంగను దింపాడు. ఆ గోవు పాదం ఇక్కడ పడిందనీ, ఊరి పేరు కూడా గోవును బట్టే వచ్చిందనీ చెప్పుకుంటారు. గౌతముడి కథ నది పుట్టిన త్రయంబకంలోనూ చెబుతారు. ఆవు ఒకటే, క్షేత్రాలు రెండు. ఒక క్షేత్రం మరో క్షేత్రంతో పోటీపడటం మన పురాణాలకు కొత్త కాదు.

శ్రీనాథుడు రాజమహేంద్రవరం రెడ్డిరాజుల నీడలో ఉండి రాసిన భీమఖండంలో కథ ఏమిటి? కాశినుంచి వెళ్లగొట్టబడిన వ్యాసుడు దాక్షారామానికి చేరుకుంటాడు. కాశి కాదన్నవాడికి గోదావరి సీమ చోటిచ్చిందన్నమాట. విద్యార్థులు దీన్ని భక్తి అని చదువుతారు, క్షేత్రవర్ణన అని పరీక్షల్లో రాస్తారు. అవి రెండూ నిజమే. ఒక రాజ్యం తన సీమ కాశికి దీటని చాటుకోవడం కూడా అందులో ఉంది. చివర వచ్చే ఫలశ్రుతి ఈనాటి ప్రకటనల్లో అడుగున ఉండే వాగ్దానానికి ముత్తాత. ఒక్క తేడా మాత్రం ఉంది. మాహాత్మ్యం యాత్రికుణ్ణి అతిథిగా చూడదు. నడిచి రమ్మంటుంది, ఉపవాసం ఉండమంటుంది, దానం చెయ్యమంటుంది. కూర్చుని చూసి ఆనందించమని ఎక్కడా అనదు.

దీనికి పూర్తిగా ఎదురు నిలిచే వచనం 1830-31లో కాశీకి వెళ్లివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యది. మజిలీలో నీళ్లు ఎలా ఉన్నాయి, ఏ సరుకులు దొరుకుతాయి, దారి ఎలాంటిది, బోయీలు ఎలా నడిచారు, ఇదీ ఆయన పద్ధతి. ఏ ఊరినీ అమ్మిపెట్టడు. ఆ పుస్తకం 1838లో అచ్చయింది. మన యాత్రాసాహిత్యం ఆ దారిన నడిచి ఉంటే నేను ఈ వ్యాసం రాసే అవసరం ఉండేది కాదు.

ఇక రేవు. 1900కు ముందు ఈ వైపు రైలు ఈ వైపే ఆగిపోయేది, ఏరు దాటి అవతల బండెక్కాలి. 1897 నవంబరులో పని మొదలెట్టి 1900 ఆగస్టులో వంతెన తెరిచారు. యాభైయారు ఖానాలు, ఒక్కొక్కటి నూటయాభై అడుగులు. కట్టించిన ఇంజనీరు గ్రాన్‌విల్ వాల్టన్. పేరు మాత్రం మద్రాసు గవర్నరు హేవ్‌లాక్‌ది. బావుల్లోకి దిగి పునాది తవ్వినవాళ్ల పేర్లు అడగడం మన ఆచారం కాదు.

రైలు దాటింది కాని రోడ్డు దాటలేదు. ఇంకో డెబ్బైనాలుగేళ్లు బస్సు కొవ్వూరు గట్టున ఆగిపోవలసిందే. లాంచీ ఎక్కితేనే రాజమండ్రి. ఇది నేను చూసిన కాలం. మా నాన్న జాంపేటలో గుడ్డలు కొనడానికి వెళ్తూ నన్ను వెంట తీసుకెళ్లేవాడు. గట్టు మీద అరటిగెలలు, బెల్లం బుట్టలు, కట్టేసిన కోళ్లు, తమలపాకుల మోదులు, వాటి మధ్య మోతకూలీల కేకలు. ఏటేటా రేవు పాట జరిగేది. పాడుకున్నవాడి మనిషి బల్ల ముందు కూర్చుని కేవు వసూలు చేసేవాడు, పిల్లల వయసు దగ్గర ప్రతిసారీ తగువే. శ్రావణంలో ఎర్రనీళ్లు దిగితే లాంచీలు ఆపేసేవాళ్లు. అప్పుడు రెండు గట్లమీదా జనం కాఫీ హోటళ్లలో రోజంతా కూర్చుని, గోదారిని తిట్టుకుంటూ, ఊళ్ల సంగతులన్నీ మాట్లాడుకునేవాళ్లు. ఆఖరి లాంచీ తప్పిపోయి మేము ఒకసారి అవతలి గట్టు మెట్లమీద పడుకున్నాం. తెల్లారుజామున మా నాన్న లేపి, 'అదిగో మన ఊరు' అని చూపించాడు. ఏమీ కనపడలేదు. నల్లగీత.

సరంగులకు నీళ్లను చూసే చూపు వేరుగా ఉండేది. ఇసుకమేట ఎక్కడ లేస్తోందో, పోయిన వారం లోతున్న చోట ఈ వారం అడుగు తగులుతుందో లేదో నీటి రంగు చూసి చెప్పేవారు. ఆ చూపును ఎవరూ పుస్తకంలో ఎక్కించలేదు. 1974 నవంబరులో పైన రోడ్డు, కింద రైలు ఉన్న కొత్త వంతెన తెరిచారు. మంచిదే. జబ్బుచేసినవాణ్ణి రాత్రిపూట పెద్దాసుపత్రికి తీసుకెళ్లగలిగాం. వంతెన వద్దని ఏ సరంగూ అనలేదు. రేవు కొద్దిరోజుల్లోనే ఖాళీ అయింది. పడవలవాళ్లలో కొందరు ఇసుక ర్యాంపులకు పోయారు, కొందరు వలలకు పోయారు, కొందరు తర్వాత పాపికొండల బోట్లెక్కారు.

సరిగ్గా ఈ కాలంలోనే సినిమా మా గట్టుకు వచ్చింది. ఇక్కడొక వరస గమనించండి. 1964లో వచ్చిన 'మూగమనసులు'లో కథానాయకుడు పడవ నడిపేవాడు. 1973లో బాపు, రమణల 'అందాల రాముడు'లో పడవ భద్రాచలానికి వెళ్లే యాత్ర, అందులో నానా రకాల జనం. 2006లో 'గోదావరి'లోనూ పడవ భద్రాచలమే వెళ్తుంది, కాని కథానాయకుడు టికెట్టు కొనుక్కుని ఎక్కిన ప్రయాణికుడు. మొదటి రెండింటిలోనూ అక్కినేని నాగేశ్వరరావు, మూడోదాంట్లో ఆయన మనవడు సుమంత్. తాత గెడ వేశాడు, మనవడు డెక్కు మీద కుర్చీలో కూర్చున్నాడు. ఆ సినిమాలు బాగాలేవని కాదు, మూడూ నాకు ఇష్టమే. ఏటిమీద జీవనం తగ్గుతున్న కొద్దీ ఏటి అందం తెరమీద పెరుగుతూ వచ్చిందని మాత్రమే నేను చెబుతున్నది. కుమారదేవం గట్టున ఉన్న నిద్రగన్నేరు మా చిన్నతనంలో నిద్రగన్నేరే. షూటింగులు ఎక్కువై అది సినిమా చెట్టయింది. 2024 ఆగస్టులో అది కూలిపోతే టీవీలన్నీ ఆ పేరుతోనే దుఃఖపడ్డాయి.

ఇప్పుడు నా సంగతి. 2003 పుష్కరాలకు ఒక కార్యాలయంవారు కొవ్వూరు గురించి చిన్నపుస్తకం రాసిపెట్టమన్నారు. ఎనిమిది పేజీలు. గోష్పాదం కథ, గుళ్లు, సంస్కృత విద్యాపీఠం, వంతెనలు రాశాను. ఒక పేజీ రేవు గురించి, సరంగుల గురించి రాశాను. ప్రూఫు వచ్చినప్పుడు ఆ పేజీ అడ్డంగా కొట్టేసి ఉంది. పక్కన ఎర్రసిరాతో 'అనవసరం' అని. దాని బదులు రెండు వాక్యాలు కావాలన్నారు. నేను రాసిచ్చాను. 'ప్రశాంతమైన ఎదురుగట్టు' అన్నమాట అందులోది. అది నాదే. ఖాళీ చేసిన గట్టు ప్రశాంతంగా ఉండక ఏం చేస్తుంది? ఐదువందల రూపాయలు తీసుకుని సంతకం పెట్టాను. తర్వాత ఆ మాట మరో రెండు కరపత్రాల్లోకి ఎక్కింది. మొంతల్బాన్ పేరు ఎత్తే అర్హత నాకు లేదన్న సంగతి నాకు తెలుసు.

2015 పుష్కరాలకు మాట బలం మరింత పెరిగింది. నూటనలభైనాలుగేళ్లకు ఒకసారి వచ్చే మహాపుష్కరం అన్నారు. మొదటి రోజు మొదటి ముహూర్తమే ముహూర్తం అన్నారు. జులై 14 ఉదయం నేను గోష్పాదంలో ఉన్నాను. ఎదుటి గట్టున పుష్కరఘాట్‌లో తొక్కిసలాటలో ఇరవై ఏడుమందికి తక్కువ కాకుండా చనిపోయారు. మాకు తెలిసింది టీవీలోనే. విచారణ జరిపిన సోమయాజులు కమిషన్ ముహూర్తం చుట్టూ జరిగిన విపరీత ప్రచారాన్ని కూడా ఒక కారణంగా తేల్చింది. ప్రచారం చేసినవాళ్లు రాతగాళ్లే. గేట్లు, పోలీసు ఏర్పాట్లు మనవి కావు, సరే. 'నూటనలభైనాలుగు' మనది.

నాలుగేళ్లకు, 2019 సెప్టెంబరు 15న, పాపికొండలు చూడబోయిన బోటు కచ్చులూరు దగ్గర వరదలో మునిగి నలభైమందికి పైగా చచ్చిపోయారు. ఐదు వారాలకు దాన్ని పైకి లాగింది కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం, లంగర్లతో, ఇనుపతాళ్లతో. అప్పుడు అందరూ వాళ్ల అనుభవాన్ని మెచ్చుకున్నారు. ఆ మెప్పు పడవ మునగకముందు ఏ కరపత్రంలోనూ నాకు కనపడలేదు.

1997లో రైళ్లు మానేసిన హేవ్‌లాక్ వంతెనకు ఇప్పుడు కొత్త వేషం సిద్ధమవుతోంది. అఖండ గోదావరి పేరుతో 94 కోట్ల 44 లక్షల పథకానికి 2025 జూన్ 26న రాజమండ్రిలో శంకుస్థాపన చేశారు. అందులో పాత వంతెనను యాత్రాస్థలంగా మార్చడం ఒక భాగం. ఆ వంతెన రెండో కొస మా ఊళ్లో ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు పశ్చిమగోదావరి నుంచి తూర్పుగోదావరిలోకి వచ్చిపడ్డాం గనక, కాగితం మీద ఇప్పుడు రెండు గట్లూ ఒకటే.

మళ్లీ నన్ను పుస్తకం రాయమన్నారు. ఈసారి రాయడానికి ముందు, లాంచీ నడిపి మానేసి ఇసుక పడవల్లో ముసలైపోయిన ఒక సరంగు దగ్గరికి వెళ్లాను. కేవు ఎంతుండేది, ఏ లాంచీ ఎన్నింటికి కదిలేది, అడుగుదామని. ఆయన నా కాగితాలు చూసి, "అవన్నీ ఎందుకు మేష్టారూ?" అన్నాడు.

"మీ గురించి రాద్దామని, బాబాయ్."

"మా గురించి కాదండి. ఇసక తవ్వేసి ఏటి అడుగంతా గోతులైపోయింది. నిరుడు మోకాలి లోతున్న కాడ ఈ ఏడు మనిషి మునుగుతాడు. స్నానాలకి వచ్చేవోళ్లకి ఆ ముక్క రాయండి ముందు. గోదారి ఏ నెల్లో ఎలా ఉంటాదో నేను చెబుతాను, రాసుకోండి."

రెండు సాయంత్రాలు కూర్చుని రాసుకున్నాను. మొదటి పేజీలో గోవు కథకు ముందు అదే పెట్టాను: ఏ మెట్ల దగ్గర ఎంత లోతు, మేట ఎటు జరుగుతోంది, ఏ నీటిరంగుకు వెనక్కి తిరగాలి. చెప్పినవాడు ఫలానా సరంగు అని ఆయన పేరు కింద వేశాను. పంపించి నెలరోజులైంది. ప్రూఫు ఇంకా రాలేదు.