చుట్టరికం లెక్కకు రాని జంటలు

బాన్సువాడలో ఏ ఆడిటరు దగ్గరికెళ్లినా పన్ను లెక్క మనిషికో పాన్ కార్డు మీదే నడుస్తుంది. భార్యాభర్తలైనా ఎవరి రిటర్ను వాళ్లదే. నిజాంసాగర్ ఆయకట్టు కింద వరి పండించే రైతుకు ఆ బాధా లేదు, సాగు ఆదాయం మీద కేంద్రం పన్ను వేయదు. మరి అమెరికాలో స్వలింగ జంటలు ఉమ్మడి రిటర్ను కోసం చేసిన పోరాటంతో మనకేం పని? పనుంది. ఇక్కడి చిక్కు ఫారంలో కాదు, ఎవరు చుట్టమో తేల్చే సెక్షన్‌లో ఉంది.

ఈ ప్రాంతానికి ఆదాయపు పన్ను ఆలస్యంగా వచ్చింది. నిజాం కాలపు సంవత్సర లెక్క అయిన ఫసలీ ప్రకారం 1357లో నిజాం సర్కారు సొంత చట్టం చేసింది. 1950 ఏప్రిల్ 1 నుంచి దాని స్థానంలో భారత చట్టం అమలైంది. ఆ చట్టం వ్యక్తితో పాటు హిందూ అవిభక్త కుటుంబాన్ని కూడా పన్నుదారుగా గుర్తించింది. 1961 చట్టమూ అదే దారి పట్టింది. అంటే కుటుంబాన్ని ఒక్క లెక్కగా చూడటం మన పన్నుశాఖకు కొత్తేమీ కాదు. కాకపోతే ఆ కుటుంబంలోకి పుట్టుకతోనో దత్తతతోనో పెళ్లితోనో రావాలి. పుట్టుకతో వచ్చే చోటూ అందరికీ సమంగా లేదు. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఎన్టీఆర్ ప్రభుత్వం ఆడపిల్లలకు పూర్వీకుల ఆస్తిలో పుట్టుహక్కు ఇచ్చినా, అప్పటికే పెళ్లయినవాళ్లకు అది దక్కలేదు.

ఇదే నిజాం రాజ్యంలో 1329 ఫసలీ నాటి మరో చట్టం ఖోజాల, అంటే హిజ్రాల పేర్లతో రిజిస్టరు పెట్టమంది. వాళ్లకు కుటుంబాల లెక్కలో చోటివ్వని రాజ్యం పోలీసు లెక్కలో మాత్రం ఇచ్చిందన్నమాట! ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో.

అసలు ముడి కానుకల దగ్గర పడింది. 1958 నాటి గిఫ్ట్ ట్యాక్స్ 1998లో పోయింది. 2004 సెప్టెంబరు నుంచి పుచ్చుకున్నవారి మీద పన్ను మొదలైంది. ఏడాదిలో బయటివాళ్లిచ్చింది 50,000 దాటితే మొత్తమంతా ఆదాయమే. భార్య, భర్త, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, చివరికి బావమరిది కూడా చుట్టాలే, వాళ్లెంతిచ్చినా పన్ను లేదు. ఏళ్లుగా ఒకే కప్పు కింద బతుకుతున్న స్వలింగ భాగస్వామి 60,000 కానుకగా ఇస్తే మాత్రం ఆ 60,000 మీదా పన్ను లెక్క కట్టాలి. ఒక విడ్డూరం కూడా ఉంది. భార్య పేర పెట్టిన ఆస్తి రాబడిని భర్త ఆదాయంలో కలిపే నిబంధన ఈ జంటలకు వర్తించదు. చట్టం చూడనందుకు దక్కిన లాభమది!

అమెరికాలో ఉమ్మడి రిటర్ను స్వలింగ దంపతులకు 2013లో దక్కింది. సహచరి ఆస్తి మీద 3,63,053 డాలర్ల పన్ను కట్టిన ఎడిత్ విండ్సర్ కేసుతో తలుపు తెరుచుకుంది. అక్కడ పెళ్లాడి ఉమ్మడిగా రిటర్ను వేసే తెలుగు జంట హైదరాబాద్‌కు తిరిగొస్తే పన్నుశాఖ దృష్టిలో ఒకరికొకరు పరాయివాళ్లే.

ఇక్కడ స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన సెక్షన్ 377 పట్టు 2018లో సడలింది. హైదరాబాద్ జంట సుప్రియో, అభయ్ ముందుండి నడిపిన పెళ్లి హక్కు కేసులో 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు కాదంది. 2024లో కేంద్రం ఇలాంటి జంటను రేషన్ కార్డుకు ఒకే కుటుంబంగా చూడాలని, ఉమ్మడి బ్యాంకు ఖాతాకు అడ్డు లేదని చెప్పింది. కానుకల పన్ను మీద బొంబాయి హైకోర్టుకు ఒక జంట వెళ్లింది 2025లో. ఆ చిక్కు తేలేదాకా మిగిలే దారి, ఇచ్చిన డబ్బు నిజంగా తిరిగి తీర్చేదైతే దాన్ని అప్పుగా కాగితం మీద పెట్టుకోవడం. అదైనా 20,000, ఆపై మొత్తాన్ని నగదుగా తీసుకోకూడదు, బ్యాంకు ద్వారానే రావాలి.