నాంపల్లి బాగు, ఆబిడ్స్ సడకు

గా తుమ్మమొద్దును జర మంట మీదికి నూకు బిడ్డా, సలి బాగ వెడుతున్నది. నువ్వు ఫోన్ల సూపిచ్చిన బొమ్మలన్ని సూసిన. దుర్గం చెరువు మీద తీగల వంతెన, దాని మీద రాత్రిపూట రంగుల లైట్లు, గచ్చిబౌలి దిక్కు కాఫీ దుకాణాలు. మంచిగున్నయి, కాదన. గని మా కాలంల పట్నం తిరగవోవుడంటె నాంపల్లి, ఆబిడ్సే. రేపు నువ్వు పట్నంలనే కొలువుల కుదురుకుంటవు గనుక ఆ ముచ్చట నీకు జెప్పాలె.

వేములవాడల పొద్దుగాల బస్సెక్కితె సిరిసిల్ల, సిద్దిపేట మీదికెల్లి పోయి గౌలిగూడల దిగేది. మీరు దిగే ఇమ్లీబన్ బస్టాండు 1994ల వచ్చింది. అంతకుముందు గౌలిగూడల ఇనుప రేకుల పెద్ద గుమ్మటం కిందనే బస్సులన్ని ఆగేటియి. నిజాం కాలంల, 1930ల కట్టిన్రు దాన్ని. లోపటికి బస్సు సొచ్చిందంటె ఇంజను సప్పుడు నెత్తిమీద గుయ్యిమనేది. 2018ల అది కూలిపోయిందని పేపర్ల సూసిన దినం నాకు అన్నం సయించలే.

మా మేనమామ నాంపల్లి టేషన్ ఎనుక గల్లిల కిరాయికుండె. 1907ల కట్టిన టేషన్ అది. నేను మొదటిసారి పోయినప్పుడు ఇంకా నిక్కర్లు తొడుగుకునే పిల్లగాన్ని. మామ రిక్షా ఎక్కియ్యలే. "నడుసుకుంట పోదాం అల్లుడా, రిక్షాల పోతె పట్నం నీకు గుర్తువెట్టదు" అన్నడు. మొదలు యూసుఫైన్ దర్గకు తీస్కపోయిండు. మన రాజన్న గుడి ఆవరణల దర్గ ఉన్నది గద, కోడె మొక్కు తీర్చినోళ్లు ఆడ కూడ మొక్కుతరు గద, గందుకే నాకు అదేం కొత్త అనిపియ్యలే. దండం వెట్టుకున్న, మామ పాతిక పైసలు ఉండిల ఏసిండు, బయటికొచ్చినం.

ఆడికెల్లి బాగుకు పోయినం. ఇప్పుడందరు పబ్లిక్ గార్డెన్స్ అంటరు, మామ మాత్రం బాగె ఆమ్ అనేటోడు, అంటె అందరి తోట. 1846ల నిజాం సర్కారు ఏసిన తోట అది. పాత బస్తీకెల్లి బుర్కా ఏసుకున్న అమ్మలు టిఫిన్ గిన్నెలు పట్టుకొని వచ్చేటోళ్లు, సర్కారు గుమాస్తలు చెట్ల కింద పేపర్ సదువుకుంట కూసునేటోళ్లు, కాలేజీ పిల్లలు, కూలి దొరకని మనుషులు, అందరు ఒక్క గడ్డి మీదనే. టికెట్ లేదు, "ఎవరు నువ్వు" అని అడిగేటోడు లేడు. మా ఊరి దొర గడి ముంగట చెప్పులు చేతుల పట్టుకొని నడిసిన తాత మనుమన్ని నేను. నిజాం ఏసిన తోటల కాళ్లు సాపుకొని కూసున్న. అది నీకెట్ల సమజైతదో నాకు ఎర్కలేదు, గని ఆ దినం నాకు పాణం మస్తు నిమ్మళమైంది.

జంతువుల తోట కూడ మొదలు ఆ బాగులనే ఉండె. 1963ల మీరాలం చెరువు దిక్కు నెహ్రూ జూపార్కు తెరిసి జంతువులను ఆడికి తరలిచ్చిన్రు. నేను పోయేసరికి పులులు లేవు. మామ దానికి బదులు మ్యూజియం సూపిచ్చిండు. ఆడ ఈజిప్టు రాజకుటుంబం ఆడబిడ్డ మమ్మీ ఉన్నది, నయీషు అంటరు ఆమె పేరు. రెండు వేల ఏండ్లు దాటిన శరీరం అది. కొని తెచ్చినాయన ఏడో నిజాంకు ఇచ్చిండు, నిజాం మ్యూజియంకు ఇచ్చిండు. అద్దాల పెట్టె ముంగట నేను నోరెళ్లవెట్టి నిలవడ్డ. భయం కాలే. ఎక్కడి పిల్లో, ఎన్ని సముద్రాలు దాటి వచ్చిందో, తనోళ్లు ఒక్కలు లేని ఊర్ల పండుకున్నదని ఏడుపచ్చింది.

తర్వాత పెద్దగైనంక మల్ల పోయిన గాడికి. అప్పటికి పురావస్తు శాఖోళ్లు మన పెద్దబంకూరు, ధూళికట్ట తవ్విన్రు. పెద్దబంకూరుల శాతవాహనుల నాణాలు వేలకు వేలు దొరికినయి, వాటిని గా మ్యూజియంలనే సూసిన. పెద్దపల్లి కాడ మా చెల్లెను ఇచ్చిన ఊరికి పోయే తొవ్వ అది, ఆ చెల్కల పక్కకెల్లి ఎన్నిసార్లు నడిసిన్నో! కాళ్ల కింద టంకశాలలు పండుకున్నయని తెల్వకపాయె. ఈజిప్టు బిడ్డను సూడవోయినోళ్లంత మన నాణాల దిక్కు ఒక్క కన్నేస్తె ఎంత బాగుండు అనిపిస్తది నాకు.

నుమాయిష్ సంత కూడ ఆ బాగులనే పుట్టింది. 1938ల ఉస్మానియాల సదువుకున్న పట్టభద్రులు కలిసి వెట్టిన్రు, 1946ల ఇప్పుడున్న మైదానానికి మారింది. జనవరి ఒకటికి మొదలైతే నెలన్నర. కాశ్మీరు శాలువలు, లక్నో బట్టలు అని జనం ఎగవడేది. మామ నన్ను మనోళ్ల దుకాణాల కాడ నిలవెట్టిండు. నిర్మల్ బొమ్మలు, కరీంనగర్ వెండి తీగపని. ఎంట్రుకంత సన్నటి తీగను మెలివెట్టి ఆకులు, పూలు చేసేటోళ్లను సూసి పట్నపోళ్లు "వాహ్" అంటుంటె నా ఛాతి ఉబ్బింది. ఆ టికెట్ల పైసలతోని ఎగ్జిబిషన్ సొసైటోళ్లు కాలేజీలు నడిపిస్తరు. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్, రెండూ ఆడపిల్లల కోసమే. సంతల నుంచి సదువు పుట్టించిన గా పెద్దలకు దండం వెట్టాలె.

ఇగ ఆబిడ్స్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాడ ఆల్బర్ట్ ఆబిద్ అని ఒకాయన పని జేసేటోడు, ఆయన పెట్టిన దుకాణం పేరే ఆ సడకుకు వచ్చింది. నిజాం తొడిగిన బట్టలు మల్ల తొడగకపోయేదట, అవి ఆబిద్ కాడికి చేరి, ఆయన దుకాణం మీదికెల్లి మల్ల నిజాం ఇంటికే పోయేటియట. నిజమో కాదో, పట్నంల ముసలోళ్లంత చెప్పే ముచ్చటిది. మా నాటికి ఆడ ప్యాలెస్, జమ్రుద్ సినిమా టాకీసులు, అద్దాల దుకాణాలు, సూటుగుడ్డ కుట్టేటోళ్లు. కొత్త రకం బెల్‌బాటం ప్యాంటు మొదలు కనవడేది ఆ సడకు మీదనే, మన ఊరికి రాను రెండేండ్లు పట్టేది. ఇరానీ హోటల్ల ఒక చాయ పోయించుకొని సాసర్ల వంపుకొని తాగుకుంట, వచ్చేపోయేటోళ్లను సూసుకుంట గంట కూసున్నా ఎవలు లేవమనకపోయేది.

జర ముంగటికి పోతె మొజంజాహి మార్కెట్. 1935ల కట్టిన రాతి కట్టడం, నడుమ గడియారం గోపురం, ఏడో నిజాం రెండో కొడుకు పేరు వెట్టిన్రు. ఆకాలంల పండ్ల వాసన సడకు దాకా వచ్చేది. తర్వాత పండ్ల మార్కెట్ కొత్తపేటకు పోయింది, గోడలకు మసి వట్టింది. ఈ మధ్య మంచిగ బాగుచేసిన్రు, సూసి సంతోషమైంది. ఆడ అమ్మే సీతాఫలం ఐస్‌క్రీం మాత్రం ఎన్నడు ఆగలే.

అసెంబ్లీ ముంగట గన్ పార్కు ఉన్నది. చేతులు జోడియ్యకుంట దాన్ని దాటకు. 1969ల తెలంగాణ ఉద్యమం నాడు నేను కరీంనగర్ల కాలేజీ పిల్లగాన్ని, నా ఈడోళ్లే తూటాలకు పడ్డరు. వాళ్ల యాదిల గాడ నిలవెట్టిన స్తూపం చెక్కింది ఎక్కా యాదగిరిరావు. ఇంక ఎక్కువ చెప్ప, గొంతు పడదు.

ఆదివారమైతె ఆబిడ్స్ దుకాణాలు మూసుంటయి, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తరు. సినారె కవిత్వం, దాశరథి పద్యాలు, ఇంజనీరింగు పుస్తకాలు, ఇంగ్లీషు నవలలు, అన్నీ ఒక్క కుప్పల. నా పెట్టెల ఉన్న పుస్తకాలల్ల సగం ఆడివే. నువ్వు హైటెక్ సిటీల మెట్రో ఎక్కి అమీర్‌పేటల మారితె నాంపల్లిల దిగొచ్చు. పొద్దుగాలనే పో, మంచి పుస్తకాలు పదకొండు గంటల లోపే పోతయి. పుస్తకాలమ్మే సాయ్‌బు చెప్పిన ధరకు సగం అడుగు, నవ్వుకుంట ఇస్తడు.