గొర్రు ఎత్తిన చోటు

అడుగు చూసి వేయండి. ఆరుద్ర కార్తె వాన రాత్రే పడి వెలిసింది. చోరనూరు ఎర్రమన్ను చెప్పులను వదలడం లేదు. ఉత్తరాన సండూరు కొండల నెత్తిన మబ్బు ఇంకా కూర్చునే ఉంది. ముందు గొర్రు పట్టి తాత, పక్కన జడ్డిగంలోకి జొన్నలు వదులుతూ కూలికి వచ్చిన పెద్దాయన, వెనక మనవడు. తాత భుజాన చెర్నాకోల ఉంది గానీ పొద్దుటి నుంచీ ఎద్దుల వీపు తాకలేదు. నాలుకతో టకటకమంటే చాలు, అవి నడుస్తున్నాయి.

ఉన్నట్టుండి నెత్తిమీద గోల. తీతువ. చెవి పక్క నుంచి దూసుకుపోయి, దూరంగా వాలి, ఇటు రండన్నట్టు అరుస్తూ పరుగెడుతోంది. మనవడు మంటిపెళ్ల అందుకున్నాడు.

"పారెయ్ దాన్ని. దానెంట పోతే అది గెలిచినట్టే. ఈడనే యాడో గుడ్లు పెట్టింటాది, వెతుకు."

వంగి చూడండి. మట్టి రంగులో, నల్లమచ్చలతో నాలుగు గుడ్లు, సన్నని కొనలన్నీ నడిమికి తిప్పి. గూడంటూ లేదు, చిన్న గుంత, చుట్టూ నాలుగు గులకరాళ్లు. గొర్రు ఇంకో రెండడుగులు వేసుంటే నలిగిపోయేవే.

గట్టు మీది నుంచి ఎవరో కేకేశారు: "తీతువ కూస్తే కీడప్పా, తరిమెయ్!"

"కీడు దానికా, మనకా?" అంటూ తాత గొర్రు ఎత్తిపట్టి, గుడ్లు దాటాక దించాడు. సాలు మధ్య మూరెడు నేల బీడుగా మిగిలింది. ఆ మూరెడులో ఎన్ని కంకులు పోతాయో తాతకు లెక్క తెలుసు. రైతుకు తెలియకుండా ఉంటుందా?

పొద్దెక్కాక వేపచెట్టు కింద సద్ది విప్పారు. రొట్టె, ఉల్లిగడ్డ, చెనిక్కాయల పొడి. పెద్దాయన చెంబెత్తి నీళ్లు తాగి తాతకిచ్చాడు. తాత తాగి మనవడికిచ్చాడు. సండూరు మాట ఇక్కడే వచ్చింది. 1932లో సండూరు రాజు యశ్వంతరావు ఘోర్పడే కొండమీది కుమారస్వామి గుడి దళితులకు తెరిపించాడు, అది తిరువాన్కూరు ఆలయ ప్రవేశ ప్రకటనకు నాలుగేళ్లు ముందు. రెండేళ్లకు గాంధీ సండూరుకే వచ్చాడు.

"గుడి తలుపు తెరిసేకి రాజు మాట సాలింది," అన్నాడు తాత. "మా నాయన ఇంట్లో ఈ చెంబు అరుగు దిగేకి మటుకు చానా ఏండ్లు పట్టింది."

పెద్దాయన నవ్వాడు. "దిగలేదు లేప్పా. నేనే ఎక్కొచ్చి తీసుకుంటి."

తాత కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒప్పుకున్నట్టు తలూపి, రొట్టెలో పెద్ద ముక్క తుంచి ఆయన ముందుకు జరిపాడు. మనవడు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. వాడి ప్రశ్నలు సాయంత్రం దాకా ఆగవు.

"లేయండప్పా, ఇంకా తొమ్మిది సాళ్లున్నాయి," అంటూ పెద్దాయనే ముందు లేచాడు.