డాలరుకు అర సెంటు: టెక్సస్ పట్టణాల అభివృద్ధి పన్ను కథేమిటి?

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం ఫ్రిస్కోలో 100 డాలర్ల వస్తువు కొంటే, బిల్లులో 8.25 డాలర్ల అమ్మకం పన్ను కలుస్తుంది. అందులో 6.25 డాలర్లు రాష్ట్రానికి, ఒక డాలరు నగర ఖజానాకు వెళ్తాయి. మిగిలిన డాలరు చెరో 50 సెంట్ల చొప్పున రెండు స్థానిక అభివృద్ధి సంస్థలకు చేరుతుంది.

తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉంటున్న ఈ ఊరి జనాభా 1990లో సుమారు 6 వేలు. 2020 నాటికి 2 లక్షలు దాటింది. 2016లో ప్రారంభమైన డాలస్ కౌబాయ్స్ ప్రధాన కేంద్రం 'ది స్టార్' నిర్మాణంలో నగరంతో పాటు ఈ రెండు సంస్థలూ భాగం పంచుకున్నాయి. మరి ఇదే పన్ను ప్రతి చిన్న పట్టణాన్నీ ఫ్రిస్కో చేయగలదా?

పన్ను ఎలా వచ్చింది?

అభివృద్ధి సంస్థల ఏర్పాటుకు టెక్సస్ 1979లో చట్టం చేసింది. కానీ వాటికి స్థిరమైన ఆదాయం లేదు. ఆ లోటు తీర్చడానికి 1989లో 'టైప్ ఎ', 1991లో 'టైప్ బి' పన్నులకు అనుమతి ఇచ్చింది.

టైప్ ఎ నిధులు ప్రధానంగా పరిశ్రమలు, గిడ్డంగులు, పరిశోధన కేంద్రాల వంటి వాటికి. టైప్ బి పరిధి విశాలం. పార్కులు, క్రీడా మైదానాలు, అందుబాటు ధరల ఇళ్లకూ ఖర్చు పెట్టవచ్చు. జనాభా 20 వేలు మించని పట్టణాలకు మరింత వెసులుబాటు ఉంది. అక్కడ కొత్త దుకాణాలు, వ్యాపారాల కోసం కూడా టైప్ బి నిధులు వాడవచ్చు.

ఎవరు నిర్ణయిస్తారు?

కౌన్సిల్ తీర్మానం ఒక్కటే చాలదు. పన్ను వేయాలంటే స్థానిక ఓటర్లు ఎన్నికలో ఆమోదించాలి. వసూలు చేసేది రాష్ట్ర కంప్ట్రోలర్ కార్యాలయం. అది తన సేవా రుసుము మినహాయించుకుని పట్టణం వాటాను నెలనెలా పంపుతుంది. సంస్థ డైరెక్టర్లను కౌన్సిల్ నియమిస్తుంది, ప్రాజెక్టులకూ దాని ఆమోదం ఉండాలి.

కంపెనీకి నేరుగా ప్రోత్సాహకం ఇస్తే ఒప్పందం తప్పనిసరి. ఎన్ని ఉద్యోగాలు ఇవ్వాలి, ఎంత పెట్టుబడి పెట్టాలి, మాట తప్పితే డబ్బు ఎలా తిరిగి కట్టాలి అన్నవి అందులో ఉండాలి.

అసలు చిక్కు ఎక్కడ?

మొదటిది పరిమితి. అన్ని స్థానిక అమ్మకం పన్నులూ కలిపి 2 శాతం దాటకూడదు. అందుకే ఒకదానికి ఇస్తే మరొకదానికి మిగలదు. ప్లేనో నగరం ఒక శాతాన్ని డాలస్ ప్రాంత ప్రజా రవాణా సంస్థ డార్ట్‌కు కేటాయించింది. పక్కనే ఉన్న ఫ్రిస్కో, అలెన్, మెకిన్నీ డార్ట్‌లో చేరకుండా ఆ శాతాన్ని అభివృద్ధి సంస్థలకు మళ్లించాయి. రైలా, కంపెనీలా అన్నదే అక్కడి ఎంపిక.

రెండోది రాబడి. ఏడాదికి 2 కోట్ల డాలర్ల పన్ను వర్తించే అమ్మకాలున్న ఊరిని ఊహించుకుందాం. అర శాతం అంటే దక్కేది లక్ష డాలర్లే. ఒక ఉద్యోగి జీతం, కార్యాలయ ఖర్చులు పోతే మిగిలేది స్వల్పం. అంగళ్లు ఎక్కువున్న ఊరికి బయటివాళ్ల కొనుగోళ్లూ కలిసొస్తాయి. అంగళ్లు మూతపడుతున్న ఊరికి అవసరం ఎక్కువ, రాబడి తక్కువ.

మూడోది భారం. చాలా రకాల కిరాణా ఆహార పదార్థాలకు, డాక్టర్ రాసిన మందులకు టెక్సస్‌లో మినహాయింపు ఉంది. అయినా సంపాదనలో ఎక్కువ భాగం కొనుగోళ్లకే పోయే పేద కుటుంబంపై, ఆదాయంతో పోలిస్తే, ఈ పన్ను బరువు ఎక్కువే.

మన పురపాలికలకు వీలుందా?

లేదు. 2017 జులై 1న జీఎస్టీ అమల్లోకి వచ్చాక ముంబయిలో అప్పటిదాకా ఉన్న ఆక్ట్రాయ్ కూడా పోయింది. జీఎస్టీని కేంద్రం, రాష్ట్రాలు పంచుకుంటాయి. అందులో పురపాలికలకు రాజ్యాంగం హామీ ఇచ్చిన వాటా లేదు. ఆస్తి పన్ను, ఫీజులు, పైనుంచి వచ్చే గ్రాంట్లే వాటికి దిక్కు. ఆంధ్రప్రదేశ్‌లోనైనా, తెలంగాణలోనైనా ఒక పట్టణం తన బజారు ఎదిగితే వచ్చే అమ్మకం పన్నును నేరుగా అందుకోలేదు.

టెక్సస్ పట్టణానికి ఆ దారి ఉంది, దానితోపాటు లెక్క అడిగే ఓటరూ ఉన్నాడు. అభివృద్ధి అనగానే ఆ ఓటరు తలూపడు. 2025 మేలో ప్రదర్శన కళల కేంద్రానికి సంబంధించిన రెండు ప్రతిపాదనలనూ ఫ్రిస్కో ఓటర్లే తిరస్కరించారు. చిన్న పట్టణంలో ఈ పన్నుకు ఓటేసే ముందు అడగాల్సినవి మూడు: ఏటా ఎంత వస్తుంది, దేన్ని వదులుకుంటున్నాం, కంపెనీ మాట తప్పితే డబ్బు వెనక్కి ఎలా వస్తుంది?